వద్దన్నారని రాయని మనిషి

ఖాసిం సాయిబు పోయారన్న వార్త నాకు కోర్టు మెట్ల మీద తెలిసింది. మంగళవారం ఉదయం, పదిన్నర కావస్తోంది. నల్లకోటు భుజాన వేసుకుని హడావిడిగా ఎక్కుతున్నాను. బెంచి గుమాస్తా ఎదురొచ్చి, "సార్, మన అమీనా ఖాసిం నిన్న పోయాడంట. మాచర్ల అవతల యాడనో బస్సు దిగి, నాలుగడుగులేసి కూలబడ్డాడంట. ఊళ్ళోవాళ్ళు మంచం మీద పడుకోబెట్టేసరికే ప్రాణం లేదంట" అన్నాడు. నా అడుగు పై మెట్టు మీద పడలేదు. ఇంకో సంవత్సరంలో ఉద్యోగ విరమణ చేయవలసిన మనిషి. ఎండలో, పరాయి ఊరి నడివీధిలో, చంకన సమన్ల సంచితో పోయాడు. అశనిపాతం అనే మాటను ఎన్నో సంతాప సభల్లో వాడాను గానీ, దాని అర్థం ఆ మెట్టు మీద తెలిసింది.

అమీనాల మీద అధికారి అయిన నాజరు గదిలోంచి వినిపించిన మొదటి మాట ఏమిటో తెలుసా? "సంచి ఎవరి దగ్గరుంది? అందులో అందజేయని సమన్లు ఎన్నున్నాయో ముందది చూడండి." రెండో మాట, సర్వీసు రిజిస్టరు తీయమనడం. తీశారు. గుమాస్తా పేజీ తిప్పి, మా అందరికీ వినపడేలా చదివాడు: "కక్షిదారుతో లాలూచీ పడినట్లు విచారణలో రుజువైంది." ముప్పై ఏళ్ళకు పైగా సేవ చేసిన మనిషికి మిగిలిన జీవితచరిత్ర అది. ఎవరో పెదవి విరిచారు, ఇంకెవరో "అందరూ అంతే" అని గొణిగారు. ఆ వాక్యం పచ్చి అబద్ధమని తెలిసినవాడు ఆ గదిలో ఒకడున్నాడు. వాడు నోరు మెదపలేదు. వాణ్ణి నేనే. ఆ ఒక్క వాక్యాన్ని ఆయన పేరు మీదనుంచి తీయించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను, నా పాండిత్యం ప్రదర్శించుకోవడానికి కాదు.

వకీలు మరణిస్తే మా కోర్టులో జరిగే తంతు వేరు. కోర్టు హాల్లో అందరం లేచి నిలబడతాం, సంతాప తీర్మానం చదువుతాం, మధ్యాహ్నం నుంచి పని ఆపేస్తాం. జీవితంలో ఒక్క కక్షిదారుకైనా నిజం చెప్పని పెద్దమనిషిని 'న్యాయశాస్త్ర పారంగతుడు' అని నేనే కీర్తించాను. ఛీ! ఖాసిం సాయిబు పోయాడని తెలిసిన రోజున కేసుల పిలుపు యథావిధిగా సాగింది. నేను రెండు కేసుల్లో వాయిదా అడిగి, ఒక దాంట్లో సాక్షిని బెదిరించి, ఇంటికొచ్చి భోంచేశాను.

ఆయన్ను ఎరగని పాఠకులకు ఆయన పని ఏమిటో ముందు చెప్పాలి. కోర్టు రిజిస్టరులో ఆయన హోదా ప్రాసెస్ సర్వర్. ఊళ్ళలో అమీనా అంటారు. దావా వేసినవాడు వాది. ఎవరి మీద వేశాడో ఆ మనిషి ప్రతివాది. 'నీ మీద దావా పడింది, ఫలానా రోజున వచ్చి నీ మాట చెప్పుకో' అని కోర్టు ప్రతివాదికి పంపే కాగితమే సమను. దాన్ని ఊరూరా తిరిగి, అసలు మనిషిని వెతికి పట్టుకుని, చేతిలో పెట్టి, సంతకమో వేలిముద్రో తీసుకురావడం ఖాసిం సాయిబు ఉద్యోగం. వకీళ్ళ వాగ్ధాటి, మున్సిఫ్ గారి తీర్పు, పై కోర్టు అప్పీలు అన్నీ ఆ తరువాతే. ఆ మొదటి అడుగు అబద్ధమైతే తక్కిన న్యాయసౌధమంతా అబద్ధమే. ఈ సంగతి నాకు లా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ వయసులో నా బుర్రకెక్కేది కాదు.

మా పల్నాటి జనానికి ఒక పిచ్చి నమ్మకం ఉంది. సమను ముట్టుకుంటే కేసు ఒప్పుకున్నట్టేననీ, ముట్టుకోకపోతే కేసే లేదనీ అనుకుంటారు. గట్టు తగాదాలో కర్రలకు ఎదురుగా నిలబడే మొనగాడు, సైకిలు మీద అమీనా వస్తున్నాడని తెలిస్తే పంచె ఎగ్గట్టి మిరపచేలో పడి పరిగెత్తుతాడు. ఆడవాళ్ళు తలుపు గడియ పెట్టుకుని, లోపలినుంచే "ఇంట్లో ఎవురూ లేరు" అని అరుస్తారు. చట్టం మాత్రం ఇలా ఉంటుంది: మనిషి ఎదురుగా ఉండి కాగితం వద్దంటే అమీనా 'నిరాకరించారు' అని రాసి, నకలు ఇంటి తలుపుకు అతికించి వచ్చేయవచ్చు. అప్పుడు సమను అందినట్టే లెక్క. వాయిదా రోజున ప్రతివాది రాకపోతే, వాది చెప్పిందొక్కటే విని కోర్టు తీర్పు ఇచ్చేస్తుంది. దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు, అంటే ఏకపక్షం. ఈ అజ్ఞానం మీద మా వకీళ్ళ వృత్తి ఎంత నిశ్చింతగా బతుకుతోందో తలచుకుంటే అసహ్యం వేస్తుంది.

ఖాసిం సాయిబు మాత్రం పారిపోయేవాళ్ళను పారిపోనిచ్చేవాడు కాదు. ఒకసారి ఒక రైతు ఆయన్ను చూసి చొప్పవామిలో దూరాడు. ఆ పూట ఇంకో పని మీద నేనూ ఆ ఊళ్ళోనే ఉన్నాను, కళ్ళారా చూశాను. ఇంకో అమీనా అయితే 'నిరాకరించారు' అని గీకి, వాది ఇంట్లో కోడికూర తిని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాడు. ఈయన వామి ఎదురుగా చెప్పులు విడిచి, నులకమంచం వాల్చుకుని కూర్చున్నాడు. వామికి చెబుతున్నట్టుగా సమను మొత్తం పైకి చదివాడు. తరువాత, "ఒరేయ్ అబ్బాయ్, ఇది కాయితం, కరవదు. నువ్వు తీసుకోకపోయినా కేసు నడుస్తది. తీసుకుంటే నీ నోరు కూడా నడుస్తది. బయటికి రా" అన్నాడు. కాసేపటికి చొప్పలోంచి గొంతు వచ్చింది: "జైల్లో ఏస్తారా సాయిబన్నా?" "ఇది సివిలు రా నాయనా! సివిల్లో సంకెళ్ళేంది? దాక్కుంటే మాత్రం పొలం పోద్ది." ఒంటినిండా చొప్పాకు అంటించుకుని ఆ మహావీరుడు బయటికొచ్చాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

కాగితం చేతిలో పెట్టగానే ఆయన పని అయిపోయేది కాదు. ఎదుటి మనిషి చేత మూడు మాటలు అప్పజెప్పించేవాడు. నా మీద దావా వేసింది ఎవరు, వాడికి ఏం కావాలంటున్నాడు, నేను ఏ రోజున కోర్టుకు పోవాలి. తారీఖులు గుర్తుండవని తెలిసి, ఆ ఊరికి దగ్గరి సంతను బట్టి చెప్పేవాడు: "ఈ సంత కాదు, పై సంత కాదు, ఆ పై సంతకి మర్నాడు." ముసలమ్మ తప్పు చెబితే మళ్ళీ మొదటినుంచీ చెప్పించేవాడు. మూడు మాటలూ సరిగ్గా వస్తేనే వేలిముద్ర. "నాకు జీతం ఇచ్చేది కాయితం ఇయ్యడానికి కాదు బాబూ, కబురు ఇయ్యడానికి" అనేవాడు. రోజుకు ఎనిమిది సమన్లు ఇవ్వవలసినవాడు మూడే ఇచ్చి వచ్చేవాడు. నాజరు దగ్గర రోజూ తిట్లే. గ్రామ మునసబులూ కరణాలూ ఉన్న కాలంలో వాళ్ళు మనిషిని చూపించేవారు. ఆ ఉద్యోగాలు రద్దయ్యాక ఊళ్ళో ఎవణ్ణడిగినా "నాకు తెలవదు" అనేవాడే. అయినా ఆయన పద్ధతి మార్చుకోలేదు.

ఇద్దరు అన్నదమ్ముల సంగతి కూడా రాయాలి, అందులో నా వాటా కూడా ఉంది గనుక. వాళ్ళ రెండిళ్ళ మధ్యా ఒక సందు. వర్షపు నీళ్ళు ఆ సందులోకి ఎవరి చూరునుంచి పడాలన్నది తగాదా. తమ్ముడి తరఫున అన్న మీద ఇంజంక్షన్ దావా, అంటే ఫలానా పని చేయవద్దని కోర్టు చేత ఆజ్ఞ ఇప్పించే దావా, వేసింది నేనే. సమను తీసుకెళ్ళిన ఖాసిం సాయిబు తన గొడుగును ఆ సందుకు అడ్డంగా పెట్టి చూశాడంట. గొడుగు పట్టలేదంట. "ఒరేయ్, గొడుగు పట్టని సందుకి పదేళ్ళు తిరుగుతార్రా? నా బస్సు రెండింటికి. అప్పటిదాకా ఈ కాయితం నా సంచిలోనే ఉంటది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అన్నాడంట. వాళ్ళు వినలేదు. పౌరుషం! పదేళ్ళు కాదు, పదకొండేళ్ళు తిరిగారు. నేనే తిప్పాను. సందు తమ్ముడికే దక్కింది. ఆపాటికి ఆ తమ్ముడి ఇల్లు కోర్టు ఖర్చులకే అమ్ముడుపోయింది. తీర్పు రోజున వాడు నా చేతులు పట్టుకుని "గెలిచాం గదా వకీలు గారూ" అని పళ్ళికిలించాడు. వాడి మూర్ఖత్వాన్ని చూసి రోత పుట్టింది. నా పద్దు వసూలైనందుకు సంతోషమూ వేసింది. వరండాలో ఖాసిం సాయిబు ఒకే మాట అడిగాడు: "ఆ సందులో ఇప్పుడు ఎవురు నడుస్తున్నారు బాబూ?" నేను విననట్టు వెళ్ళిపోయాను.

ఇక ఆదెమ్మ సంగతి.

ఆదెమ్మది కొండవీడు కొండలు దూరంగా కనపడే ఒక ఊరు. భర్త పోయిన మనిషి. సాగరు కాలవ కింద రెండెకరాల చెక్క ఆమెకు ఆధారం. మరిది సాంబయ్య, చనిపోయే ముందు అన్న ఆ పొలాన్ని తనకు వీలునామా రాసిచ్చాడని ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఆ కాగితాన్ని చూడగానే నాకు అనుమానం రావలసింది. వచ్చింది కూడా. అయినా అడగలేదు. దావా వేశాను. సమను ఖాసిం సాయిబు బీటులో పడింది.

ఆయన ఊరికి వెళ్ళేసరికి ఆదెమ్మ లేదు. కూతురు పురిటికి విజయపురి సౌత్ వెళ్ళింది, అల్లుడు అక్కడ ప్రాజెక్టు పనిలో ఉన్నాడు. మర్నాడు సాయంత్రం ఖాసిం సాయిబు నా ఆఫీసుకొచ్చి, "బాబూ, మనిషి ఊళ్ళో లేదు. నెలాళ్ళకు గానీ రాదంట. కొత్త సమను తీయించండి" అన్నాడు. సాంబయ్య నా పక్కనే కూర్చున్నాడు. వాడు నా వైపు చూశాడు. నేను ఖాసిం సాయిబుతో అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: "నెలాళ్ళెందుకు సాయిబూ, నిరాకరించిందని రాసేయ్. తలుపుకి అతికించానను. ఎవరు చూడొచ్చారు?"

ఆయన నా మొహం చూశాడు. కోపం లేదు. చిన్నపిల్లవాడు బూతుమాట అంటే పెద్దవాళ్ళు చూసే చూపు అది. "నేను మనిషినే చూడలేదు. చూడని మనిషి వద్దందని ఎట్టా రాయను బాబూ?" అన్నాడు. "ఊళ్ళో లేదు అని రాస్తా. అది నిజం." అదే రాసి, కాగితం నాజరుకు అప్పజెప్పి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. సమన్లు మోసే మనిషి నాకు ధర్మం చెప్పడమా! కొత్త సమను తీయించి, అది ఖాసిం చేతికి వెళ్ళకుండా ఇంకొక అమీనా చేతికి వెళ్ళేలా చూసుకున్నాను. ఎలా చూసుకున్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు, మీరు ఊహించగలరు. వారం తిరక్కుండా కాగితం తిరిగొచ్చింది: 'ప్రతివాది సమను స్వీకరించుటకు నిరాకరించినందున, నకలును ఆమె ఇంటి వీధి తలుపునకు అతికించితిని.' కింద రెండు వేలిముద్రల సాక్ష్యం. వాయిదా రోజున ఆదెమ్మ పేరు పిలిచారు. రాలేదు. ఎట్లా వస్తుంది? ఆ క్షణాన విజయపురిలో మనవరాలికి ఉగ్గు పెడుతూ ఉంటుంది. ఇంకో రెండు వాయిదాలకు ఏకపక్షంగా డిక్రీ అయింది. రెండెకరాలూ సాంబయ్యవి.

నెల అన్నది నాలుగు నెలలై, ఆదెమ్మ తిరిగొచ్చి పొలానికి వెళ్ళింది. సాంబయ్య కోర్టు కాగితం చూపించాడు. ఆమె ఏడవలేదంట, అరవలేదంట. గట్టు మీద కూలబడి, "కోర్టే ఇచ్చినాక ఇంకేముంది" అని ఇంటికి పోయిందంట. చూశారా? మన సామాన్య జనానికి తెలిసిన న్యాయశాస్త్రం ఇదీ. కోర్టు కాగితం మీద ముద్ర పడితే అది దేవుడి రాత. దాన్ని కోర్టే చెరపగలదని వాళ్ళకు చెప్పే మనిషి లేడు. చెప్పవలసిన మేం చెప్పం. చెబితే కోటు వేసుకుని ఎవరి ముందు నిలబడతాం?

చెప్పినవాడు ఖాసిం సాయిబు. డిక్రీ సంగతి కోర్టులో తెలిసి, ఆదివారం తన సొంత ఖర్చుతో బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాడు. ఆ రోజు జరిగింది తరువాత ఆదెమ్మే కోర్టులో చెప్పింది. "చెల్లెమ్మా, నీ మాట ఇనకుండా ఇచ్చిన తీర్పు ఇది. నీకు కాయితం అందలేదు గదా? అందనప్పుడు, ఈ తీర్పు సంగతి నీకు తెలిసిన రోజు నుంచి ముప్పై రోజుల్లో 'నాకు కబురు రాలేదయ్యా, నా మాట ఇను' అని అర్జీ పెట్టుకోవచ్చు. ముప్పై దాటితే నేనేం చెయ్యలేను, నువ్వేం చెయ్యలేవు" అన్నాడంట. "నాకెవురున్నారు సాయిబన్నా?" అని ఆమె. "వకీలు ఉంటాడు. మంచోణ్ణి నే చూపిస్తా. ముందు నువ్వు ఆ మూడు మాటలు చెప్పు" అని అక్కడా అప్పజెప్పించాడంట.

అర్జీ పడింది. ఖాసిం సాయిబును ఆదెమ్మ తరఫు సాక్షిగా పిలిచారు. క్రాస్ పరీక్ష చేసింది నేను. నోరు ఎంత నీచానికి దిగజారగలదో ఆ రోజు నా నోరు చూపించింది. "ఆమె నీకేమవుతుంది?" అన్నాను. "ఏమీ కాదండీ." "ఏమీ కాని ఆడమనిషి ఇంటికి ఆదివారం పూట బస్సెక్కి ఎందుకెళ్ళావు?" హాల్లో కొందరు నవ్వారు. ఆయన తల దించలేదు. "కబురు అందలేదని తెలిసి ఎళ్ళానండీ." "అందలేదని నీకెలా తెలుసు? నీ తోటి ఉద్యోగి తలుపుకి అతికించానని రాశాడు. చదువు" అని రిపోర్టు ఆయన చేతికిచ్చాను. ఆయన నెమ్మదిగా చదివి, కళ్ళద్దాలు తీసి, మున్సిఫ్ గారి వైపు తిరిగి అన్నాడు: "అయ్యా, ఆ ఇంటికి తలుపు లేదు. ద్వారబంధం నిలబెట్టిన ఏడే ఈమె పెనిమిటి పోయాడు. తలుపులు బిగించలేదు. తాటాకు తడిక అడ్డం పెట్టుకుంటది. నేను మొదట ఎళ్ళినప్పుడు చూశాను. నమ్మకపోతే ఎవురినన్నా పంపించి చూడండి."

నా చేతిలోని పెన్ను కింద పడింది. వంగి తీసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. మున్సిఫ్ గారు ఇల్లు చూసి రమ్మని కోర్టు తరఫున కమిషనరును పంపారు. తడికే ఉంది. డిక్రీ రద్దయింది. దావా మళ్ళీ మొదటినుంచీ నడిచి, వీలునామా దొంగదని తేలి, ఆదెమ్మ పొలం ఆదెమ్మకు దక్కింది. ఈనాటికీ ఆమె ఆ చెక్కలోనే మిరప వేస్తోంది.

ఆదెమ్మ గెలిచింది గానీ ఖాసిం సాయిబు చెడ్డాడు. తలుపు లేని ఇంటికి కాగితం అతికించిన అమీనా పలుకుబడి ఉన్నవాడు, రెండు వేలిముద్రలు చూపించి 'ఇల్లు పొరబడ్డాను' అని బయటపడ్డాడు. విచారణ మాత్రం ఖాసిం సాయిబు మీద పెట్టారు: కోర్టు ఉద్యోగి అయివుండి, కక్షిదారు ఇంటికి వెళ్ళి సలహా చెప్పాడు, లాలూచీ పడ్డాడు. ఆయన సంజాయిషీలో ఒకే మాట రాసుకున్నాడు. అబద్ధపు రిపోర్టు రాయమని తనను ముందు ఒకరు అడిగారనీ, తాను ఒప్పుకోకపోవడం వల్లనే సమను వేరే చేతికి వెళ్ళిందనీ, ఆ మోసం తెలిసే ఆమెకు చెప్పవలసి వచ్చిందనీ. విచారణాధికారి అడగవలసిందే అడిగారు: "ఎవరడిగారు?"

ఆ విచారణ మా కోర్టు మేడమీది గదిలోనే జరిగింది. ఆ రోజు నేను కింద వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. నా పేరు బయటికొస్తే వకీలుగా పని చేయడానికున్న నా సన్నదు పోయినట్టే. ఖాసిం సాయిబు మెట్లు దిగి వచ్చాడు. "ఏం చెప్పావు?" అన్నాను, దొంగలా. "గుర్తు లేదని చెప్పా బాబూ" అని, చెప్పులు తొడుక్కుని బస్‌స్టాండు వైపు నడిచాడు. ఇరవై ఏళ్ళనాటి ప్రతివాది ఇంటిపేరు కూడా మరవని మనిషి! నేనేం చేశానో తెలుసా? ఎదురుగా హోటల్లో కూర్చుని రెండు పెసరట్లు తిన్నాను. అంత హాయిగా ఎన్నడూ తినలేదు. థూ, నా బతుకు!

విచారణ ఒక్క రోజుతో అయిపోలేదు. వాయిదాల మీద వాయిదాలు, మూడేళ్ళు. అడిగినవాడి పేరు చెప్పలేదు గనుక ఆయన సంజాయిషీ నిరాధారమన్నారు. రిజిస్టరులో ఆ వాక్యం రాశారు. మాచర్ల అవతలి ఊళ్ళు ఆయన బీటుగా వేశారు. బస్సు దిగాక కోసుల దూరం నడవవలసిన ఊళ్ళు. ఆ మూడేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఒకటే: పేదవాడు, వకీలుతో పెట్టుకోవడానికి భయపడ్డాడు. ఎంత సౌకర్యమైన అబద్ధం!

ఆయన పోయిన వారానికి కోర్టు ఉద్యోగులు క్యాంటీనులో చిన్న సంతాప సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. నిష్కామ కర్మయోగి అన్నాను, మూర్తీభవించిన ధర్మం అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆదెమ్మ కూడా వచ్చి వెనక గోడ దగ్గర నిలబడింది. సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "బాగా చెప్పావు బాబూ. ఆ రోజు కోర్టులో నువ్వు సాయిబన్నని అడిగిన మాటలు కూడా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఖాసిం సాయిబు ఇంటికి వెళ్ళాను. మెకానిక్ షెడ్ల వెనక సన్నని వీధి. ఆయన భార్య కరీమాబీ గడపలో బియ్యం ఏరుతోంది. నేనెవరో చెప్పబోయాను. "తెలుసు బాబూ, కూర్చో" అంది. నిలబడే చెప్పాను. ఆ రోజు నిరాకరించిందని రాయమన్నది నేనేనని, ఆయన భయపడి నా పేరు చెప్పలేదని, తప్పయిందని. ఆమె చేట కింద పెట్టింది.

"భయమా? ఆయనకేం భయం?" అంది. "నువ్వొస్తావని చూశాడు బాబూ. విచారణ ఉన్నప్పుడల్లా ఇస్త్రీ చొక్కా ఏసుకుని పొయ్యేవాడు. ఎందుకయ్యా, పేరు చెప్పి చేతులు దులుపుకోరాదా అంటే, 'నేను చెప్తే అది చాడీ. వకీలు బాబు తానే వచ్చి చెప్తే అది నిజం. కుర్రోడు, ఏదో అన్నాడు. మనసులో మంచోడే. ఇయ్యాల వస్తాడు చూడు' అనేవాడు. సందేళ వచ్చి, 'ఇయ్యాల రాలేదే. వాయిదా ఏశారులే, ఈసారి వస్తాడు' అనేవాడు. మూడేళ్ళు ఇదే మాట. తరవాత నేనే అడగడం మానుకున్నా."

మీకేం కావాలని అడిగాను. "ఏమొద్దు. రిజిస్టర్లో ఏదో మాట రాశారంట గదా. అది తీయించు. అదొక్కటే" అంది.

ఆమె అడిగింది చేస్తున్నాను. అబద్ధపు రిపోర్టు రాయమని ఖాసిం సాయిబును కోరినది నేనేనని ప్రమాణపత్రం రాసి, నా పూర్తి సంతకంతో పై అధికారులకు పంపాను. దాని నకలు బార్ కౌన్సిలుకూ పంపాను. మిత్రులు పిచ్చి పట్టిందా అన్నారు. సన్నదు పోతే పోనీ. దాన్ని పెట్టుకుని నేను ఉద్ధరించింది ఏమిటో పైన రాశాను. కోర్టులు ఉంటాయి, వకీళ్ళు పుడుతూనే ఉంటారు, దావాలు పడుతూనే ఉంటాయి. చొప్పవామి ఎదుట మంచం వాల్చుకుని, భయపడ్డ మనిషికి తన హక్కు తన నోటితో అప్పజెప్పించే అమీనా మాత్రం పల్నాటికి మళ్ళీ దొరకడు. ఆ పుణ్యమూర్తికి నమస్కరించే అర్హత నాకు లేదు, అయినా నమస్కరిస్తున్నాను. మేడమీది గదిలో ఆయన నాకోసం ఎదురుచూసిన మూడేళ్ళూ నేను ఏ ఊరూ పోలేదు. కింద వరండాలోనే ఉన్నాను. మధ్యలో ఉన్నవి పద్దెనిమిది మెట్లు. ఆయన పోయాక వెళ్ళి లెక్కపెట్టాను.